రోబో వై-ఫై ఎప్పుడు మారాలి? మిర్యాలగూడ గోడౌన్‌లో నేర్చుకున్న రోమింగ్ పాఠం

ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నవాళ్లకి ఈ అనుభవం తప్పకుండా అయి ఉంటుంది. హాల్లో వీడియో కాల్ మొదలుపెట్టి, మాట్లాడుతూ పై అంతస్తుకి వెళ్తాం. పక్కనే రెండో రౌటర్ లైట్లు వెలుగుతుంటాయి. ఫోన్ మాత్రం కింద హాల్లో ఉన్న రౌటర్‌నే పట్టుకుని వదలదు. స్క్రీన్ మీద మొహం ఆగిపోతుంది, మాట ముక్కలవుతుంది. "హలో, వినిపిస్తుందా?" అని రెండుసార్లు అడిగేసరికి ఫోన్ పక్క రౌటర్‌కి మారుతుంది, కాల్ మళ్లీ నడుస్తుంది. ఆ విషయం మనం అక్కడే మర్చిపోతాం.

ఇప్పుడు ఆ ఫోన్ బదులు 26 కిలోల బండి ఉందనుకోండి. దానికి నాలుగు చక్రాలు, రెండు మోటార్లు ఉన్నాయి. "ముందుకు వెళ్లు" అన్న కమాండ్ అందుకున్న మరుక్షణం దానికి నెట్ పోయింది. అప్పుడేమవుతుంది?

నాకు తెలుసు. ఎందుకంటే ఆ బండి నాదే.

అసలు ఏం జరిగింది?

మాది నల్గొండ జిల్లా. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో ఒక చిన్న రోవర్ తయారుచేశాను. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు, పాత హోవర్‌బోర్డ్ మోటార్లు, ఒక కెమెరా, తేమ-వేడి కొలిచే సెన్సార్. ధాన్యం బస్తాల మధ్య తిరిగి ఎక్కడ వేడెక్కుతోందో చెప్పడం దాని పని. మా మేనమామ పనిచేసే రైస్ మిల్లు మిర్యాలగూడలో ఉంది. ఆదివారం పూట గోడౌన్‌లో టెస్ట్ చేసుకోమన్నారు.

గోడౌన్ పొడవు దాదాపు 70 మీటర్లు. ఆఫీసు వైపు ఒక రౌటర్, వెనక తలుపు దగ్గర ఇంకోటి పెట్టాను. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. "ఫోన్ ఎలా మారుతుందో రోబో కూడా అలాగే మారుతుందిలే" అనుకున్నాను. ఇదే నేను చేసిన మొదటి తప్పు.

రోవర్ సెకనుకి 0.6 మీటర్ల వేగంతో ఒక బస్తాల వరస చివరికి వెళ్లి, మూల తిరిగింది. ల్యాప్‌టాప్‌లో కెమెరా బొమ్మ ఆగిపోయింది. ఆపమని కీ నొక్కాను, ఆగలేదు. మళ్లీ నొక్కాను. పరుగెత్తుకుంటూ వెళ్లి చూస్తే, బస్తాలకి ఆనుకుని టీ తాగుతున్న హమాలీ అన్న కాలికి జానెడు దూరంలో, బస్తాల్లోకి దూరి చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి.

"ఏం తమ్మీ, నీ బండి నీ మాట ఇంటలేదా?" అని నవ్వాడాయన. నాకు మాత్రం నవ్వు రాలేదు. చేతులు వణికాయి.

ఇంటికి వచ్చి లాగ్ తీసి చూశాను. చివరి ప్యాకెట్ అందిన క్షణం నుంచి తర్వాతి ప్యాకెట్ అందే వరకు 3.4 సెకన్లు. సెకనుకి 0.6 మీటర్లంటే, నా అదుపులో లేకుండా ఆ బండి 2 మీటర్లకి పైగా నడిచింది. ఆ 3.4 సెకన్లలో ఏం జరిగిందో తెలుసుకోవడమే ఈ పాఠం.

మారాలా వద్దా అని ఎవరు నిర్ణయిస్తారు?

చాలామంది రౌటరే మనల్ని పక్క రౌటర్‌కి అప్పగిస్తుందనుకుంటారు. మొబైల్ నెట్‌వర్క్‌లో, అంటే మీరు నల్గొండ నుంచి బస్సులో హైదరాబాద్ వెళ్తూ కాల్ మాట్లాడుతుంటే, నిజంగానే నెట్‌వర్క్ వైపు నుంచి ఆ నిర్ణయం జరుగుతుంది. ఫోన్ తన కొలతలు పంపుతుంది, ఏ టవర్‌కి మారాలో నెట్‌వర్క్ చెబుతుంది. వై-ఫైలో అలా కాదు. ఎప్పుడు వదలాలి, దేన్ని పట్టుకోవాలి అన్నది ఫోనో ల్యాప్‌టాపో రోబోనో, ఆ పరికరమే తేల్చుకోవాలి. రౌటర్ సలహా ఇవ్వగలదు, మరీ అయితే కనెక్షన్ తెంపేయగలదు. అంతే.

మరి పరికరం దేన్నిబట్టి తేల్చుకుంటుంది? ముఖ్యంగా సిగ్నల్ బలాన్ని బట్టి. దీన్ని డీబీఎంలో కొలుస్తారు, అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 50 అంటే చాలా బాగుంది. మైనస్ 67 వరకు వాయిస్ కాల్స్ హాయిగా నడుస్తాయి. మైనస్ 80 దాటితే ఇబ్బందే. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: 10 డెసిబెల్స్ తగ్గడమంటే సిగ్నల్ పవర్ పదో వంతుకి పడిపోవడం.

ఐఫోన్ ఎలా చేస్తుందో యాపిల్ తన సపోర్ట్ పేజీల్లో బయటకే చెప్పింది. సిగ్నల్ మైనస్ 70 కంటే తగ్గే వరకు అది ఇంకో రౌటర్ కోసం వెతకదు. వెతికాక కూడా, డేటా నడుస్తున్నప్పుడు కొత్తది కనీసం 8 డెసిబెల్స్, ఖాళీగా ఉన్నప్పుడు 12 డెసిబెల్స్ మెరుగ్గా ఉంటేనే మారుతుంది. మనిషి చేతిలో ఉండే ఫోన్‌కి ఇది సరైన లెక్కే. పదేపదే వెతికితే బ్యాటరీ ఖర్చవుతుంది, కాల్ మధ్యలో తెగుతుంది. కానీ రోబో అవసరం వేరు.

3.4 సెకన్లు ఎక్కడికి పోయాయి?

నా లాగ్ ప్రకారం లెక్క ఇది:

1. సిగ్నల్ పోయినా పాత రౌటర్‌నే పట్టుకుని ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పంపడం: 1.1 సెకన్లు
2. కొత్త రౌటర్ కోసం అన్ని ఛానెళ్లలో వెతకడం: 1.9 సెకన్లు
3. కొత్త రౌటర్‌తో పరిచయం, పాస్‌వర్డ్ సరిచూసుకోవడం: 0.1 సెకను
4. ఐపీ అడ్రస్ తీసుకుని ప్రోగ్రామ్ మళ్లీ కనెక్ట్ అవ్వడం: 0.3 సెకను

చూశారా? అసలు మారడానికి పట్టింది సెకనులో పదో వంతే. మిగతాదంతా మొండితనం, వెతుకులాట. ఇది నా ఒక్కడి రోవర్ కథ కాదు. 2003లోనే మేరీల్యాండ్ యూనివర్సిటీ పరిశోధకులు వై-ఫై హ్యాండాఫ్‌ని కొలిచి, అందులో 90 శాతానికి పైగా సమయం వెతకడానికే పోతోందని తేల్చారు.

వెతకడానికి అంతసేపు ఎందుకు? రౌటర్ "నేనిక్కడ ఉన్నాను" అని చెప్పే బీకన్‌ని మామూలుగా 102.4 మిల్లీసెకన్లకి ఒకసారి పంపుతుంది. ఊరికే చెవి పెట్టి వినే పద్ధతిలో ఒక్కో ఛానెల్ దగ్గర అంతసేపు ఆగాలి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 13 ఛానెళ్లున్నాయి. అన్నీ వింటే అక్కడికే 1.3 సెకన్లు దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో ఇరవైకి పైగా ఉన్నాయి. "ఎవరైనా ఉన్నారా?" అని ప్రోబ్ పంపి అడిగే పద్ధతి వేగంగా అవుతుంది కానీ, 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్‌తో పంచుకునే ఛానెళ్లలో అలా ముందుగా అడగకూడదు, వినాల్సిందే.

ఇంకో ప్రశ్న మిగిలింది. మూల తిరగ్గానే సిగ్నల్ అంత ఒక్కసారిగా ఎందుకు పడింది? రెండు మీటర్లలో మైనస్ 68 నుంచి మైనస్ 84కి పడిపోయింది. దానికి కారణం ధాన్యమే. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం వరకు తేమ ఒప్పుకుంటారు. ఆ లెక్కన 40 కిలోల బస్తాలో దాదాపు 7 కిలోలు నీళ్లే ఉండొచ్చు. నీళ్లు రేడియో సిగ్నల్‌ని బాగా పీల్చుకుంటాయి. అంటే ఒక బస్తాల వరస నా రౌటర్‌కీ రోవర్‌కీ మధ్య నీళ్ల గోడ కట్టినట్టే.

సరిచేసిన క్రమం

మొదటి మెట్టు: నెట్ పోతే బండి ఆగాలి. ఇది వై-ఫై పని కాదు, మోటార్ పని. రోబోల కోసం అందరూ వాడే ఆర్ఓఎస్‌లో రెండు చక్రాల కంట్రోలర్‌కి ఈ రక్షణ ముందే ఉంటుంది: అర సెకను కొత్త కమాండ్ రాకపోతే మోటార్లు ఆపేస్తుంది. నేను తెలివి ఎక్కువై మోటార్ కోడ్ సొంతంగా ఆర్డుయినోలో రాశాను, ఆ రక్షణ పెట్టలేదు. ఇప్పుడు 0.3 సెకను గడువు పెట్టాను. కమాండ్ రాకపోతే బండి 18 సెంటీమీటర్లు నడిచేలోపు బ్రేక్ పడుతుంది. మిగతా మెట్లన్నీ పని సాఫీగా సాగడానికి. మనిషి కాలు కాపాడేది మాత్రం ఇదొక్కటే.

రెండో మెట్టు: వెతుకులాట తగ్గించడం. నాకున్నవి రెండే రౌటర్లు. ఒకటి ఛానెల్ 1లో, ఇంకోటి ఛానెల్ 11లో పెట్టి, రోవర్‌ని ఆ రెండు ఛానెళ్లే చూడమన్నాను. లైనక్స్‌లో వై-ఫై చూసుకునే డబ్ల్యూపీఏ సప్లికెంట్ ప్రోగ్రామ్‌లో స్కాన్ చేయాల్సిన ఫ్రీక్వెన్సీల జాబితా ఇవ్వొచ్చు. రోవర్‌కి మారని ఐపీ అడ్రస్ కూడా ఇచ్చాను. దాంతో పైన చెప్పిన నాలుగో పద్దులో చాలా భాగం పోయింది.

మూడో మెట్టు: ముందే వెతకడం. అదే ప్రోగ్రామ్‌లో బ్యాక్‌గ్రౌండ్ స్కాన్ ఉంది. ఉదాహరణలో ఇచ్చే సెట్టింగ్‌నే అందరూ కాపీ కొడతారు: సిగ్నల్ మైనస్ 45 కంటే తగ్గితే 30 సెకన్లకోసారి, బాగుంటే 300 సెకన్లకోసారి వెతకమని. ల్యాప్‌టాప్‌కి అది చాలు. 30 సెకన్లలో నా రోవర్ 18 మీటర్లు నడుస్తుంది, అంటే గోడౌన్‌లో నాలుగో వంతు. దాన్ని 4 సెకన్లకి తగ్గించాను. ఛానెళ్లు రెండే కాబట్టి ఇబ్బంది రాలేదు.

నాలుగో మెట్టు: ఊగిసలాట ఆపడం. వెతుకులాట పెంచగానే కొత్త తలనొప్పి మొదలైంది. గోడౌన్ మధ్యలో రోవర్ అటూ ఇటూ మారుతూనే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. గోడలకి, రేకులకి తగిలి వెనక్కొచ్చిన తరంగాలు కలిసేచోట, బండి నాలుగు వేళ్లు కదిలినా సిగ్నల్ అంకె ఎగిరి దూకుతుంది. అందుకే ఒక్క అంకెని నమ్మకుండా చివరి ఒకటి రెండు సెకన్ల సగటు తీసుకోవాలి. కొత్త రౌటర్ 8 డెసిబెల్స్ మెరుగ్గా ఉంటేనే మారాలి. ఇలా రెండింటి మధ్య వదిలే తేడాని హిస్టెరిసిస్ అంటారు. మారాక 5 సెకన్ల పాటు మళ్లీ మారొద్దని కూడా పెట్టాను.

ఒక జాగ్రత్త. రాస్ప్‌బెర్రీ పై వై-ఫై చిప్‌లో సొంత రోమింగ్ తెలివి ఒకటి ఉంటుంది. మీరు పైనుంచి ఒకటి చెప్తే అది లోపల ఇంకోటి చేస్తుంది. డ్రైవర్‌లో 'రోమ్ ఆఫ్' అనే ఆప్షన్ ఆన్ చేస్తే అది పక్కకి తప్పుకుంటుంది. వై-ఫై పవర్ సేవింగ్ కూడా ఆపేయండి. ప్యాకెట్లు ఆలస్యమవడానికి అదీ ఒక కారణం.

ఫోన్‌కి తెలియనిది, రోబోకి తెలిసినది

ఇన్ని చేసినా మూల దగ్గర మాత్రం సమస్య పోలేదు. ఎందుకంటే మూల తిరిగే వరకు సిగ్నల్ బాగానే ఉంటుంది. తిరిగాక సగటు లెక్కపెట్టి, తేడా చూసి, నిర్ణయం తీసుకునేలోపు నెట్ పోతుంది. ఆ రోజు రాత్రి ఒక మాట తట్టింది. నేను ఇంకా ఫోన్ లాగే ఆలోచిస్తున్నాను.

మీరు పై అంతస్తుకి వెళ్తారో వంటింట్లోకి వెళ్తారో ఫోన్‌కి తెలియదు. అందుకే అది సిగ్నల్ పడే వరకు ఆగాల్సిందే. రోబోకి మాత్రం తను ఎక్కడుందో, ఇంకో ఐదు సెకన్లలో ఎక్కడుంటుందో తెలుసు. దారి వేసుకున్నది అదే కదా! మరి పడేదాకా ఆగడం ఎందుకు?

రోవర్‌ని నెమ్మదిగా మొత్తం దారిలో తిప్పి, మీటరుకోసారి రెండు రౌటర్ల సిగ్నల్ రాసుకున్నాను. ఆ పట్టికలో మూల స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు మూలకి 3 మీటర్ల ముందే, రెండో రౌటర్ సిగ్నల్ అందే చోట, రోవర్ ఒక్క క్షణం ఆగుతుంది. రెండో రౌటర్ ఛానెల్ ఒక్కటే స్కాన్ చేస్తుంది. 'రోమ్' కమాండ్‌తో ఫలానా రౌటర్‌కే మారమని అడుగుతుంది. కనెక్ట్ అయ్యానని రూఢి చేసుకున్నాకే కదులుతుంది. ఆ విరామం నా కొలతలో సెకనులో పదో వంతు దాటలేదు. పైగా ఆ సమయంలో బండి నిలబడి ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదు.

దీనికీ ఒక లోటుంది. మిల్లు ఆడిస్తే బస్తాలు కదులుతాయి, నిన్నటి పట్టిక ఇవాళ చెల్లదు. అందుకే పట్టికలో ఉన్నదానికీ ఇప్పుడు కొలిచినదానికీ 10 డెసిబెల్స్ కంటే ఎక్కువ తేడా వస్తే, వేగం సగానికి తగ్గించి కొత్తగా కొలుచుకోమని రాశాను.

మనకి దగ్గర్లోనే ఉన్న ఉదాహరణ: ఎస్ఎల్‌బీసీ సొరంగం

ఇదంతా ఒక గోడౌన్ బండి గొడవ అనుకోకండి. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. సొరంగం మొదలయ్యే దోమలపెంట ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది, అంతకుముందు అది మహబూబ్‌నగర్ జిల్లా. నల్లమల కింద నుంచి దాదాపు 44 కిలోమీటర్లు తవ్వి, కృష్ణా నీళ్లని మా నల్గొండ వైపు తేవడానికి మొదలైన పని అది. ఫ్లోరైడ్ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న నీళ్లు. ప్రమాదం జరిగింది సొరంగం నోటి నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. బురద, రాళ్లు, ఊట నీళ్లు, ముక్కలైన బోరింగ్ మెషిన్ ఇనుము. సహాయక బృందాలకే ప్రాణాపాయం ఉండటంతో, మార్చిలో హైదరాబాద్‌కి చెందిన అన్వి రోబోటిక్స్ రోబోలని లోపలికి తీసుకెళ్లారు. మార్చి 9న ఒకరి మృతదేహం, 25న ఇంకొకరిది బయటికి తీశారు. ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీ ఆగలేదు. నేను మాత్రం ఒకటే ఆలోచించేవాడిని: అలాంటి చోట రోబోకి మాట అందించడం ఎలా?

ఖాళీగా, నిటారుగా ఉన్న సొరంగంలో రేడియో సిగ్నల్ నిజానికి బాగానే పోతుంది. గోడలు గొట్టంలా పనిచేసి తరంగాన్ని ముందుకి నడిపిస్తాయి. చెడగొట్టేవి మలుపులు, ఇనుము, అడ్డం పడిన మట్టి, నీళ్లు. నా గోడౌన్ మూల లాంటిదే, కాకపోతే వంద రెట్లు కఠినం. ఇంకో పెద్ద తేడా ఏంటంటే, కూలిన చోటికి అవతల మారడానికి రెండో రౌటర్ ఎవరూ పెట్టి ఉండరు. రోబోయే పెట్టుకుంటూ పోవాలి.

అమెరికాలో డార్పా 2018 నుంచి 2021 వరకు నడిపిన సబ్‌టెరేనియన్ ఛాలెంజ్‌లో చాలా జట్లు చేసింది ఇదే. గుహలో ముందుకెళ్తూ రోబోలు చిన్న రేడియో డబ్బాలని దారిలో వదిలేసేవి. ఇక్కడ కీలకం డబ్బా ఎప్పుడు వదలాలన్నది. సిగ్నల్ పోయాక వదిలితే లాభం లేదు, అది వెనకదాన్ని అందుకోలేదు. ఇంకా బాగున్నప్పుడే, మలుపుకి ముందే వదలాలి.

మరి వైర్ వాడొచ్చు కదా అంటారా? 2011లో ఫుకుషిమా అణు కేంద్రంలోకి పంపిన జపాన్ రోబో క్విన్స్ వైర్‌తోనే వెళ్లింది, మందమైన కాంక్రీటు గోడల్లోంచి రేడియో రాదని. ఆ ఏడాది అక్టోబర్‌లో రెండో రియాక్టర్ భవనం మూడో అంతస్తులో కేబుల్ తెగిపోయి, రోబో అక్కడే ఉండిపోయింది. వైర్ అయినా వై-ఫై అయినా, తెగితే ఏం చేయాలో రోబో లోపలే రాసి ఉండాలి. ఆగడమా, వచ్చిన దారినే వెనక్కి నడిచి సిగ్నల్ అందేచోటికి రావడమా అన్నది ముందే తేల్చుకోవాలి.

మీరు కొనేటప్పుడు ఏం చూడాలి?

రౌటర్ లేదా మెష్ కిట్ కొంటుంటే స్పెసిఫికేషన్లలో మూడు పేర్లు వెతకండి. 802.11కే ఉంటే పక్కన ఏ రౌటర్లు ఏ ఛానెల్‌లో ఉన్నాయో పరికరానికి జాబితా అందుతుంది, వెతుకులాట తగ్గుతుంది. 802.11వీ ఉంటే "ఫలానాదానికి మారు" అని రౌటర్ సలహా ఇవ్వగలదు. 802.11ఆర్ ఉంటే పాస్‌వర్డ్ తంతు ముందే చాలావరకు అయిపోతుంది. ఇంటి పాస్‌వర్డ్ వై-ఫైలో ఈ మూడోదానివల్ల లాభం తక్కువే. ఆఫీసుల్లో యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే వై-ఫైకి అది చాలా అవసరం. మూడూ అటు రౌటర్‌లో, ఇటు ఫోన్‌లో లేదా రోబోలో కూడా ఉంటేనే పనిచేస్తాయి.

ఇంటి రోబో వాక్యూమ్ కొనేవాళ్లు భయపడక్కర్లేదు. అది దారి చూసుకునే పనంతా లోపలే చేసుకుంటుంది. నెట్ పోయినా సోఫాని గుద్దదు, యాప్‌లో మ్యాప్ కదలడం ఆగుతుందంతే. నిజానికి నా రోవర్ కూడా మొదటి నుంచి అలాగే ఉండాల్సింది. దూరం నుంచి "ఎక్కడికి వెళ్లాలి" అని మాత్రమే చెప్పాలి, "చక్రం ఎంత తిప్పాలి" అని చెప్పకూడదు.

మీరూ ఇలాంటి బండి తయారుచేస్తుంటే ఈ ఒక్క పరీక్ష మాత్రం మానకండి. ముందు చక్రాలు గాల్లో ఉండేలా రోబోని ఇటుకల మీద పెట్టండి. మోటార్లు తిరుగుతుండగా రౌటర్ ప్లగ్ పీకేయండి. చక్రాలు ఎన్ని సెకన్లకి ఆగాయో ఫోన్‌లో వీడియో తీసి లెక్కపెట్టండి. ఆ సెకన్లని మీ బండి వేగంతో గుణించండి. వచ్చిన దూరంలో ఒక మనిషి కూర్చుని టీ తాగుతున్నాడనుకుని, ఆ అంకె మీకు సమ్మతమైతేనే బండిని నేల మీదికి దించండి.